గర్ల్స్ అలౌడ్: ఇరవై హిట్ల లెక్క వెనక ఏముంది?

2002 డిసెంబరు నుంచి 2009 జనవరి దాకా బ్రిటన్‌లో గర్ల్స్ అలౌడ్ అనే ఐదుగురు అమ్మాయిల బృందం 20 సింగిల్స్, అంటే విడివిడిగా అమ్మే పాటలు, విడుదల చేసింది. ఇరవైకి ఇరవై అమ్మకాల చార్ట్‌లో టాప్ టెన్‌లోకి వెళ్ళాయి. మధ్యలో ఒక్కటి కూడా జారలేదు. అమ్మాయిల బృందాల్లో అంతకుముందు ఎవరికీ ఇంత పొడుగు వరస లేదు, గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. అయితే ఆ ఇరవైలో నంబర్ వన్ అయినవి నాలుగే. ఆ నాలుగులో రెండు చారిటీ కోసం పాడినవి, ఆ రెండూ వేరేవాళ్ళ పాత పాటలే. ఆల్బంల సంగతి ఇంకా విచిత్రం. మొదటిది రెండో స్థానం, తర్వాతది ఆరు, ఆ తర్వాతది పదకొండు.

ఇందులో ఏ అంకె పట్టుకుంటే ఆ కథ చెప్పుకోవచ్చు. అభిమానులు ఇరవై అంటారు, గిట్టనివాళ్ళు నాలుగే కదా అంటారు. ఇద్దరి లెక్కా సరైనదే. చిక్కంతా ఎక్కడుందంటే, చార్ట్‌లో కనిపించే అంకె ఒక్కటే అయినా దాని వెనక టీవీ ఉంటుంది, చారిటీ ఉంటుంది, పాట బలం ఉంటుంది, ఆ ఏడాది అమ్మకాలను లెక్కపెట్టిన పద్ధతి ఉంటుంది. అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తారు. వాటిని విడదీసి చూస్తే ఈ బృందం గొప్పతనం నంబర్ వన్‌లలో కన్నా రెండు, మూడు, నాలుగు స్థానాల దగ్గర ఆగిపోయిన పాటల్లోనే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఆ మూడు స్థానాల్లో ఆగినవి ఇరవైలో సరిగ్గా పది.

ముందు సింగిల్ అంటే ఏమిటో చూద్దాం. మనకు పాటలు ఎక్కువగా సినిమాతో వస్తాయి. క్యాసెట్లు, సీడీలు అమ్ముడైన రోజుల్లో ఒక సినిమా పాటలన్నీ ఒకే క్యాసెట్‌లో ఉండేవి కాబట్టి జనం అందులో ఏ పాట కోసం కొన్నారో విడదీసి చెప్పే వీలు లేదు. బ్రిటన్‌లో ఒక్క పాటను విడిగా అమ్మేవాళ్ళు. అదే సింగిల్. 2002 నాటికి అది ఎక్కువగా సీడీగా వచ్చేది, అసలు పాటతో పాటు ఒకటి రెండు అదనపు పాటలో రీమిక్సులో ఉండేవి. ఆ వారం దేశమంతా దుకాణాల్లో ఏది ఎన్ని కాపీలు పోయిందో లెక్కగట్టి, ఆదివారం సాయంత్రం బీబీసీ రేడియో వన్‌లో వరసగా వినిపించేవాళ్ళు. ఈ సింగిల్స్ చార్ట్ 1952 నుంచీ ఉంది. ఆల్బంలకు విడిగా ఇంకో చార్ట్ ఉంటుంది.

ఆ కాలంలో రికార్డు కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించేవి. పాటను కొన్ని వారాల ముందే రేడియోలకూ టీవీ ఛానళ్ళకూ ఇచ్చేసేవి, షాపుల్లోకి మాత్రం రానిచ్చేవి కావు. జనం విని విని ఎప్పుడొస్తుందా అని చూస్తుండగా ఒక సోమవారం సీడీ విడుదలయ్యేది. కొనాలనుకున్నవాళ్ళు చాలామంది ఆ వారమే కొనేసేవాళ్ళు. దాంతో పాట చార్ట్‌లో అడుగుపెట్టిన వారమే దాని పై మెట్టు, మరుసటి వారం నుంచి దిగుడే. మన సినిమాలకు మొదటి వారాంతం వసూళ్ళలాగే ఇదీ. అప్పట్లో రెండో స్థానం వచ్చిందంటే, మొదటి ఏడు రోజుల్లో ఎంతమంది డబ్బు పెట్టారు, అదే వారం ఇంకెవరు పోటీలో ఉన్నారు అన్నదే తేలుతుంది. ఆ పాట జనం నోట్లో ఎన్నేళ్ళు నానుతుందో దాన్నిబట్టి చెప్పలేం.

టీవీ ఎంత చేసింది?

2002 చివర్లో ఐటీవీ ఛానల్ 'పాప్‌స్టార్స్: ద రైవల్స్' అనే పోటీ నడిపింది. ఒక అబ్బాయిల బృందాన్నీ ఒక అమ్మాయిల బృందాన్నీ ఎంపిక చేసి, వాళ్ళ తొలి సింగిల్స్‌ను క్రిస్మస్ వారంలో ఎదురెదురుగా దించాలన్నది ఆలోచన. న్యాయనిర్ణేతలుగా నిర్మాత పీట్ వాటర్‌మన్, మేనేజర్ లూయీ వాల్ష్, 1990ల అమ్మాయిల బృందం స్పైస్ గర్ల్స్‌లో పాడిన గెరీ హాలివెల్ కూర్చున్నారు. నవంబరు 30న ప్రేక్షకుల ఓట్లతో షెరిల్ ట్వీడీ, నాడీన్ కోయిల్, సారా హార్డింగ్, నికోలా రాబర్ట్స్, కింబర్లీ వాల్ష్ కలిసి గర్ల్స్ అలౌడ్ అయ్యారు. డిసెంబరు 16కల్లా వాళ్ళ పాట 'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్' షాపుల్లో ఉంది.

క్రిస్మస్ నంబర్ వన్ అంటే బ్రిటన్‌లో జాతీయ వినోదం. ఏ పాట గెలుస్తుందని పందేలు కూడా కాస్తారు. బహుమతులు కొనే సీజన్ కాబట్టి అమ్మకాలు కూడా భారీగా ఉంటాయి. ఆ వారం ఈ పాట సుమారు 2,13,000 కాపీలు అమ్ముడై నంబర్ వన్ అయింది, నాలుగు వారాలు అక్కడే కూర్చుంది. అబ్బాయిల బృందం వన్ ట్రూ వాయిస్ రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

ఈ గెలుపులో టీవీ వాటా చాలా పెద్దది, అందులో సందేహం లేదు. వారం వారం కోట్లు ఖర్చుపెట్టినా రాని ప్రచారం ఆ కార్యక్రమం ఊరికే ఇచ్చింది. కానీ టీవీ అమ్మిపెట్టేది మొదటి పాటనే. అదే 'పాప్‌స్టార్స్' మొదటి విడతలో 2001లో పుట్టిన హియర్‌సే బృందం తొలి సింగిల్‌తో అమ్మకాల రికార్డులు బద్దలుకొట్టి, 2002లోనే విడిపోయింది. వన్ ట్రూ వాయిస్ రెండే సింగిల్స్ పాడి 2003లో మూతపడింది. ప్రేక్షకులు ఓటేసిన ఉత్సాహం కొన్ని నెలలే ఉంటుంది, ఆ తర్వాత కొత్త కార్యక్రమం, కొత్త ముఖాలు వస్తాయి. ఏడేళ్ళపాటు వరసగా ఇరవై పాటలు నిలబడటాన్ని టీవీతో వివరించడం కుదరదు.

పాటలు అల్లిన ఇల్లు

అసలు కారణం లండన్ బయట, కెంట్ ప్రాంతంలోని వెస్టర్‌హామ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడ బ్రయన్ హిగిన్స్ అనే నిర్మాత జెనోమేనియా పేరుతో ఒక పాటల కార్ఖానా నడిపాడు. 1998లో ప్రపంచమంతా మోగిన షెర్ పాట 'బిలీవ్' రచనలో అతనికి భాగముంది. అతనితో కలిసి ఎక్కువ పాటలు రాసిన మనిషి మిరాండా కూపర్. గర్ల్స్ అలౌడ్ ఇరవైలో కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు మళ్ళీ పాడినవి, మినహాయిస్తే అన్నీ ఈ ఇంట్లోంచి వచ్చినవే.

'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్' కూడా వీళ్ళ కోసం పుట్టింది కాదు. ఆర్కిడ్ అనే మరో అమ్మాయిల బృందం కోసం జెనోమేనియా ముందే తయారుచేసింది, ఆ బృందం వెలుగులోకి రాలేదు. ఆ పాటలో 1960ల సర్ఫ్ గిటార్ మోతకు వేగంగా ఉరికే డ్రమ్స్ జోడించారు. టీవీ పోటీలో గెలిచినవాళ్ళకు మెల్లగా సాగే ప్రేమగీతం ఇవ్వడం అప్పటి ఆనవాయితీ. అవతలి అబ్బాయిల బృందం బీజీస్ పాటను మళ్ళీ పాడింది. ఈ తేడా ఆ వారం గెలుపుకి ఎంత కారణమో గానీ, తర్వాతి ఏడేళ్ళకు మాత్రం పునాది అదే.

జెనోమేనియా పని చేసే తీరు ఆసక్తిగా ఉంటుంది. ఒక పాటను మొదట్నుంచి చివరిదాకా ఒకే ఊపులో రాయడం వాళ్ళ అలవాటు కాదు. వేరువేరు తాళాల మీద బోలెడన్ని ముక్కలు రాస్తారు, గాయనులతో అవన్నీ పాడించి రికార్డు చేస్తారు. ఒక పాట పల్లవిని ఇంకో పాట చరణంతో అతుకుతారు, నచ్చనివి పారేస్తారు. చివరికి మిగిలిన పాటలో ఏ ముక్కా పూరింపు కోసం పెట్టినట్టు ఉండదు, ప్రతిదీ ఒక పల్లవిలాగే చెవికి తగులుతుంది.

దీనికి పరాకాష్ఠ 2005 నవంబరులో వచ్చిన 'బయాలజీ'. పాత బ్లూస్ ధోరణిలో కాలు తాటించే గతితో మొదలవుతుంది. ఇదే పాట అనుకుని మనం సర్దుకునేలోపు అది ఆగిపోయి వేరే బాణీ అందుకుంటుంది. అక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కుతుంది. అసలు పల్లవి ఎప్పటికో గానీ రాదు, వచ్చినప్పుడు మాత్రం అప్పటిదాకా విన్న ముక్కలన్నీ దాని కోసమే దారి చేశాయనిపిస్తుంది. రేడియోలో మూడున్నర నిమిషాల పాటకు ఇంత తెగువ చేసిన పాప్ బృందాలు ఆ దశకంలో చాలా తక్కువ. చార్ట్‌లో దానికి దక్కింది నాలుగో స్థానం. నాకు వాళ్ళ పాటలన్నిట్లోకీ ఇదే గొప్పది. చార్ట్ అంకెను పాట విలువగా చూడకూడదనడానికి నేను మొదట చూపించే ఉదాహరణ కూడా ఇదే.

2004 సెప్టెంబరులో వచ్చిన 'లవ్ మెషీన్' కథ కూడా అంతే. రెండో స్థానం దగ్గర ఆగింది. ఆ వారం పైన కూర్చున్నది ఎరిక్ ప్రిడ్జ్ డాన్స్ పాట 'కాల్ ఆన్ మీ'. ఇంకో నెలలో వచ్చుంటే నంబర్ వన్ అయ్యేదేమో, అంతమాత్రాన పాటలో ఒక్క స్వరం కూడా మారేది కాదు. ఆర్కిటిక్ మంకీస్ లాంటి గిటార్ బృందం ఈ పాటను రేడియో వన్‌లో తమ తీరులో పాడింది. టీవీ బృందాలను చిన్నచూపు చూసే రాక్ శ్రోతల్లో గర్ల్స్ అలౌడ్‌కు గౌరవం మొదలైంది ఇలాంటి పాటల వల్లే.

ఒక అభ్యంతరానికి ఇక్కడ జవాబు చెప్పాలి. 2003 నుంచి 2006 మధ్య బ్రిటన్‌లో సీడీ సింగిల్స్ అమ్మకాలు బాగా పడిపోయాయి. జనం ఇంటర్నెట్‌లో పాటలు దించుకుంటున్నారు, వాటిని చార్ట్ ఇంకా సరిగా లెక్కపెట్టడం లేదు. 2006 మార్చిలో ఆర్సన్ అనే బృందం 18 వేల లోపు కాపీలతోనే నంబర్ వన్ అయింది. అంటే 2002 క్రిస్మస్‌కు గర్ల్స్ అలౌడ్ అమ్మినదాంట్లో పదో వంతు కూడా లేదు. కాబట్టి ఆ ఏళ్ళలో టాప్ టెన్ చవక కదా అని కొందరంటారు. అమ్మకాలు తక్కువన్నది నిజమే. కానీ ఆ చవక అందరికీ అందుబాటులో ఉంది, ఇరవై సార్లు వరసగా దాన్ని అందుకున్న అమ్మాయిల బృందం మాత్రం ఇదొక్కటే. అమ్మకాల పరిమాణం గురించి మాట్లాడితే వాళ్ళ స్థానాలు కొంత ఉబ్బినట్టే లెక్క. నిలకడ గురించి మాట్లాడితే అలా అనలేం.

నాలుగు నంబర్ వన్‌లు

ఆ నాలుగింటినీ పక్కపక్కన పెడితే చిత్రం స్పష్టమవుతుంది. మొదటిది 'సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్', దాని వెనక టీవీ ఉంది. రెండోది 2004 నవంబరులో వచ్చిన 'ఐల్ స్టాండ్ బై యూ', ప్రిటెండర్స్ బృందం 1994లో పాడిన పాట. బీబీసీ ఏటా పిల్లల కోసం విరాళాలు సేకరించే 'చిల్డ్రన్ ఇన్ నీడ్' కోసం పాడారు. మూడోది 2007 మార్చిలో షుగాబేబ్స్ అనే మరో అమ్మాయిల బృందంతో కలిసి పాడిన 'వాక్ దిస్ వే'. ఏరోస్మిత్ 1975లో చేసిన పాటను ఈసారి 'కామిక్ రిలీఫ్' విరాళాల కోసం పాడారు. నాలుగోది 2008 అక్టోబరు నాటి 'ద ప్రామిస్'.

చారిటీ సింగిల్ అంటే బీబీసీలో గంటల తరబడి జరిగే విరాళాల కార్యక్రమానికి అదే అధికారిక పాట. పాట నచ్చినా నచ్చకపోయినా మంచి పనికి పోతుందని కొనేవాళ్ళుంటారు. అందులో తప్పేమీ లేదు, డబ్బు నిజంగానే అవసరమైన చోటికి చేరింది. కాకపోతే అది పాటకు వచ్చిన తీర్పుగా లెక్క వేయకూడదు. 'వాక్ దిస్ వే' రెండు బృందాల ప్రతిభలో ఏ ఒక్కదానికీ మచ్చుతునక కాదు. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన 'కాల్ ద షాట్స్' మూడో స్థానం దగ్గర ఆగింది. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే ఏది నిలబడే పాటో ఎవరికైనా తెలిసిపోతుంది.

'ద ప్రామిస్' సంగతి కొంచెం వేరు. 1960ల అమ్మాయిల బృందాల హంగుతో, పెద్ద వాద్యబృందం మోతతో చేసిన పాట. మొదటి వారమే 70 వేలకు పైగా అమ్ముడైంది, 2009లో ఉత్తమ బ్రిటిష్ సింగిల్‌గా బ్రిట్ అవార్డు అందుకుంది. మంచి పాటే. అయినా ఇక్కడ కూడా టీవీని మర్చిపోలేం. 2008లో షెరిల్ 'ద ఎక్స్ ఫ్యాక్టర్' అనే పాటల పోటీ కార్యక్రమంలో న్యాయనిర్ణేతగా చేరింది, ప్రతి శనివారం దేశం ఆమెను చూస్తోంది. బృందం ఆ వేదిక మీదే ఈ పాట పాడింది. పాట బలమూ టీవీ బలమూ ఒకే వారంలో కలిసిన ఏకైక సందర్భం వాళ్ళ చరిత్రలో ఇదేననిపిస్తుంది. టీవీ కుర్చీ ఎంత పనిచేసిందో తర్వాత ఇంకా బాగా తెలిసింది. షెరిల్ ఒంటరిగా పాడటం మొదలుపెట్టాక 2009 నుంచి 2014 మధ్య ఐదు నంబర్ వన్‌లు సాధించింది. బృందం మొత్తం జీవితంలో వచ్చినవాటి కన్నా ఒకటి ఎక్కువ. ఆ ఐదూ గర్ల్స్ అలౌడ్ పాటల కన్నా గొప్పవని వాదించేవాళ్ళను నేను చూడలేదు.

ఆల్బంలు ఎందుకు వెనకబడ్డాయి?

తొలి ఆల్బం 2003లో రెండో స్థానానికి వచ్చింది. 2004లో 'వాట్ విల్ ద నెయిబర్స్ సే?' ఆరుకు, 2005లో 'కెమిస్ట్రీ' పదకొండుకు పడ్డాయి. 2007లో 'టాంగిల్డ్ అప్' నాలుగో స్థానం. స్టూడియో ఆల్బంలలో నంబర్ వన్ అయినది 2008 నాటి 'ఔట్ ఆఫ్ కంట్రోల్' ఒక్కటే.

విచిత్రమేమిటంటే విమర్శకులు ఎక్కువగా మెచ్చుకున్న వాటిలో 'కెమిస్ట్రీ' ఒకటి. దాని పదకొండో స్థానం చూసి ఫ్లాప్ అనుకుంటే పొరపాటు. అది డిసెంబరు మొదట్లో విడుదలైంది. ఆల్బంల మార్కెట్లో ఏడాది మొత్తం మీద పోటీ అతి గట్టిగా ఉండే రోజులవి, పెద్ద పేర్లన్నీ అప్పుడే దిగుతాయి. మే నెలలో మూడో స్థానం తెచ్చే అమ్మకాలు డిసెంబరులో పదికి కూడా చాలకపోవచ్చు. ఆ ఆల్బం నెమ్మదిగా అమ్ముడవుతూ ప్లాటినం అందుకుంది. బ్రిటన్‌లో ఆల్బంకు ప్లాటినం అంటే 3 లక్షల కాపీలు. శిఖర స్థానం ఒక వారం కథ, ప్లాటినం చాలా నెలల కథ. ఎవరైనా ఒక బృందం గురించి చెబుతూ స్థానం మాత్రమే చెప్పి అమ్మకాలు చెప్పకపోతే నేను అక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేస్తాను.

ఇంకో కారణం కూడా ఉంది. టీవీలో పుట్టిన బృందం పాట నచ్చి సింగిల్ కొనడం ఒక సంగతి, ఆ బృందం మీద నమ్మకంతో పదమూడు పాటల ఆల్బంకు డబ్బు పెట్టడం ఇంకో సంగతి. ఆ నమ్మకం రావడానికి ఏళ్ళు పట్టింది. 2006లో వచ్చిన హిట్ పాటల సంకలనం నేరుగా నంబర్ వన్ కావడం దీనికి గుర్తు. జనానికి పాటలు కావాలి, అన్నీ ఒకచోట దొరికేసరికి కొన్నారు.

లెక్క మారింది

ఈ ఏడేళ్ళలో చార్ట్ నియమాలు కూడా నిలకడగా లేవు. 2005 ఏప్రిల్లో డౌన్‌లోడ్‌లను సింగిల్స్ చార్ట్‌లో కలిపారు, కానీ సీడీ కూడా షాపులో ఉంటేనే. 2006 మార్చిలో సీడీకి ఒక వారం ముందు డౌన్‌లోడ్‌లు లెక్కలోకి రావచ్చన్నారు. ఆ అక్టోబరులో 'సమ్‌థింగ్ కైండా ఊ' సీడీ రాకముందే డౌన్‌లోడ్‌లతోనే మొదటి ఐదులోకి దూకి, సీడీ వచ్చాక మూడుకు ఎక్కింది. 2007 జనవరి నుంచి ఆంక్షలన్నీ పోయాయి. ఏ పాటైనా, ఎంత పాతదైనా, సీడీ ఉన్నా లేకపోయినా కొన్నవాళ్ళుంటే చార్ట్‌లోకి రావచ్చు.

ఆ ఆఖరి మార్పే ఇరవై వరసను తెంపిందని నా అభిప్రాయం. రెండు పాటలను పోల్చి చూడండి. 2003 మేలో తొలి ఆల్బం వచ్చింది, అందులోని 'లైఫ్ గాట్ కోల్డ్' ఆగస్టులో సింగిల్‌గా వచ్చి మూడో స్థానం తెచ్చుకుంది. ఆల్బం కొననివాళ్ళకు ఆ పాట కావాలంటే ఆ సీడీ వచ్చేదాకా ఆగక తప్పేది కాదు. అందుకని అమ్మకాలన్నీ ఒకే వారంలో కలిసిపడ్డాయి. 2008 నవంబరులో 'ఔట్ ఆఫ్ కంట్రోల్' వచ్చింది. అందులోని ఏ పాటనైనా ఆ రోజు నుంచే విడిగా దించుకోవచ్చు. పెట్ షాప్ బాయ్స్ అనే పాప్ జంటతో కలిసి రాసిన 'ద లవింగ్ కైండ్' 2009 జనవరిలో సింగిల్‌గా వచ్చి సరిగ్గా పదో స్థానంలో చిక్కుకుంది. ఏప్రిల్లో 'అన్‌టచబుల్' వచ్చేసరికి కావలసినవాళ్ళలో చాలామంది దగ్గర అది ఐదు నెలలుగా ఉంది. పదకొండో స్థానం దగ్గర ఆగిపోయింది. ఒక్క మెట్టు తేడాతో వరస తెగింది. అప్పట్లో పత్రికలు దీన్ని బృందం పనైపోయిందనడానికి సూచనగా చూశాయి. నేను మాత్రం ఆ పాటలో తగ్గుదల ఏమీ వినలేదు.

మిగతా బృందాలతో పోల్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. స్పైస్ గర్ల్స్ 1996 నుంచి 2000 దాకా పది సింగిల్స్ వదిలి తొమ్మిదింటిని నంబర్ వన్ చేశారు, 'స్టాప్' ఒక్కటే రెండో స్థానం. సీడీ సింగిల్ వ్యాపారం మంచి ఊపులో ఉన్న కాలం అది. పైగా 'వానబీ' 1997లో అమెరికాలో కూడా నంబర్ వన్. గర్ల్స్ అలౌడ్ విజయం దాదాపు బ్రిటన్, ఐర్లండ్‌లకే పరిమితం. ఆ విషయంలో ఇద్దరికీ పోలికే లేదు. షుగాబేబ్స్‌కు ఆరు నంబర్ వన్‌లున్నాయి, కానీ 2009 ముగిసేసరికి మొదటి ముగ్గురిలో ఒక్కరూ ఆ బృందంలో లేరు.

2011లో 'ద ఎక్స్ ఫ్యాక్టర్' గెలిచిన అమ్మాయిల బృందం లిటిల్ మిక్స్‌కు ఐదు నంబర్ వన్‌లున్నాయి. వాళ్ళ కాలానికి చార్ట్ పూర్తిగా వేరే జీవి అయిపోయింది. 2014 జూలై నుంచి స్ట్రీమింగ్ లెక్కలోకి వచ్చింది, మొదట్లో వంద సార్లు వింటే ఒక అమ్మకంతో సమానం. కొనడం ఒకసారే జరుగుతుంది, వినడం రోజూ జరుగుతుంది. దాంతో పాటలు నెలల తరబడి చార్ట్‌ను వదలడం మానేశాయి. 2017 మార్చిలో ఎడ్ షీరన్ ఆల్బం వచ్చినప్పుడు టాప్ 20లో పదహారు అతని పాటలే. ఆ జూలైలో ఒక గాయకుడికి మూడు పాటలకు మించి చోటివ్వకూడదని నియమం పెట్టారు. లిటిల్ మిక్స్ 'స్వీట్ మెలొడీ' 2020 అక్టోబరులో విడుదలై 2021 జనవరిలో నంబర్ వన్ అయింది. డిసెంబరులో చార్ట్‌ను ఆక్రమించే పాత క్రిస్మస్ పాటలన్నీ ఒక్కసారిగా ఖాళీ చేసి వెళ్ళిన వారం అది. ఈలోగా సభ్యుల్లో ఒకరైన జెసీ నెల్సన్ బృందాన్ని వదిలి వెళ్ళింది కూడా. విడుదలైన రెండు నెలలు దాటాక పైకి ఎక్కడం సీడీ రోజుల్లో దాదాపు ఊహించలేని సంగతి. ఐదు పెద్దదా నాలుగు పెద్దదా అని వాదించే ముందు ఆ రెండు అంకెలూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావని గుర్తుంచుకోవాలి.

గర్ల్స్ అలౌడ్ 2009లో విరామం తీసుకుని 2012లో తిరిగొచ్చారు. 'సమ్‌థింగ్ న్యూ' మళ్ళీ 'చిల్డ్రన్ ఇన్ నీడ్' పాటే, రెండో స్థానం. ఆ వెంటనే 'టెన్' సంకలనంలో అప్పటికే ఉన్న 'బ్యూటిఫుల్ కాజ్ యూ లవ్ మీ'ని సింగిల్‌గా వదిలితే 97వ స్థానం దక్కింది. రెండింటి మధ్య దూరం కొన్ని వారాలే. 2013 మార్చిలో ఆఖరి యాత్ర ముగిసిన రోజే విడిపోతున్నట్టు ప్రకటించారు. సారా హార్డింగ్ 2021 సెప్టెంబరులో రొమ్ము క్యాన్సర్‌తో 39 ఏళ్ళకే కన్నుమూసింది. మిగిలిన నలుగురూ 2024లో ఆమె జ్ఞాపకంగా కూడా ఒక యాత్ర చేశారు.

ఇప్పుడు వీళ్ళను కొత్తగా వినాలనుకునేవాళ్ళు నంబర్ వన్‌లతో మొదలుపెట్టకండి. 'బయాలజీ' వినండి, తర్వాత 'లవ్ మెషీన్', 'కాల్ ద షాట్స్' వినండి. ఆ తర్వాత 'అన్‌టచబుల్'ను రేడియో కోసం కుదించిన రూపంలో కాకుండా ఆల్బంలో ఉన్నట్టుగా, ఆరు నిమిషాలు దాటే పూర్తి పాటగా వినండి. 2009 ఏప్రిల్లో దేశం పదకొండో స్థానంలో కూర్చోబెట్టిన పాట అదే.